రాతిపువ్వు

వాన సీసాలు మోసే నా సంచీ
యూరియా బస్తా కోసి కుట్టింది.
నలభై అయిదు కిలోలు అన్న అక్షరాలు
నడుము దగ్గర ఇంకా చెరగలేదు.
కొండపల్లి బస్సులో కండక్టరుది
ప్రతి సోమవారం అదే మాట:
"సువార్తమ్మా, సారానా?"
"వాన బాబూ. పోయిన వారంది."
వానకి టికెట్ కొట్టనంటాడు, పెద్దమనసు.

పదకొండేళ్లుగా ఇదే పని.
కొండ మీద చెట్ల కింద గరాటాలు,
గరాటా కింద సీసా, సీసా మీద నంబరు.
ఆకుల్ని కడిగి దిగిన నీళ్లు
విజయవాడ కాలేజీ ల్యాబుకి చేర్చాలి.
పద్నాలుగో నంబరంటే కోతులకిష్టం.
దాని లెక్క ఎప్పుడూ సగమే.

మొదట్లో ఇదంతా ఎందుకో తెలిసేది కాదు.
పరంజ్యోతి మేడం ఓ రోజు
టీ గ్లాసు బల్ల మీద పెట్టి చెప్పింది:
"మీ నాన్న మిరప చేనుకి చల్లేవాడే, అలాంటిదే
గొట్టాల్లోంచీ లారీల్లోంచీ లేచి
వానలో కలిసి అడవికి దిగుతుంది.
అడవి అడగలేదు. అయినా వడ్డిస్తున్నారు."
అప్పట్నుంచి చినుకు పెదవి మీద పడితే
ఒక్క క్షణం నాలిక ఆగుతుంది.

వడ్డన మరిగిన అడవికి అప్పట్లో
పెళ్లింట నేతిగిన్నె ఖాళీ చేసినవాడి నిగనిగ.
చూసినవాళ్లంతా మెచ్చుకునేవారు.
కింద మాత్రం పిచ్చిగడ్డి మోకాలెత్తు.
దాని నీడలో చిన్న పూలమొక్కల పేర్లు
మేడం పుస్తకంలో ఒక్కొక్కటే కొట్టేసింది.
వేళ్లని పట్టుకుని బతికే బూజుపోగులు,
మట్టి సందుల్లో దూరి నాలుగు మెతుకులు ఏరి తెచ్చే
ఆ కూలీలు, పని లేక వెళ్లిపోయారు.
పైనుంచి రాలుతుంటే
కిందివాళ్లతో ఏం పని?

తర్వాత గొట్టాల్లో రెండు ఆగాయి.
ఆ కబురు మా ఇంటికి వేరే దారిన వచ్చింది.
జకరయ్య కాంట్రాక్టు చీటీ చింపేశారు.
రాత్రి కంచం ముందు కూర్చుని
"నీ అడవి బాగుపడుద్దిలే" అన్నాడు.
కోపంగా కాదు.
అందుకే నాకు ముద్ద దిగలేదు.

రిజిస్టర్లో అంకెలు దిగుతూ వచ్చాయి.
నాలుగేళ్లకి ఆకులు కాస్త పాలిపోయాయి.
తెగులొచ్చిందని గార్డు ఫోన్ చేశాడు.
మా నాన్నయితే ఎకరానికి అరబస్తా అనేవాడు.
మేడం ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని
"దీని సొంత రంగు ఇదేనేమో" అంది.
ఏమో అన్న మాట ఆవిడ నోట అదే మొదలు.

మట్టి తవ్వి చూస్తే మారింది తక్కువ.
తిన్నదంతా దాచుకుంది.
పెద్ద వానకల్లా కొంచెం వాగులోకి కక్కుతుంది.
గాలి మరిచినంత తొందరగా మట్టి మరవదు,
అది చూడ్డానికి నా సర్వీసు చాలదు.

బొమ్మలు చెక్కే చలపతిరాజు
పొణికి చెక్క ఈమధ్య ఉలికి ఎదురు చెబుతోందన్నాడు.
నెమ్మదిగా పెరిగిందేమో అన్నాను.
"అట్టా పెరిగినోళ్లందరూ అంతేగా" అని నవ్వాడు.
దీన్ని మేడం రాసుకోలేదు.

మొన్న కార్తీకంలో
పద్నాలుగో గరాటా దగ్గర కోతిని తోలుతుంటే
చెట్టు ఉత్తరపు వైపు, నా మోచేతి ఎత్తులో
బొటనవేలి గోరంత బూడిదరంగు.
గోకబోయి ఆగాను.
తడి వేలితో తాకితే పచ్చబడింది.
రాతిపువ్వు చుట్టమేదో!
బిరియానీ మసాలాలో తప్ప
బతికుండగా నేను చూడలేదు.
స్కేలు లేదు. బస్ టికెట్ ఆనించి
అంచు దగ్గర గీత గీశాను.

సాయంత్రం బస్టాండు బయట
జకరయ్య ఆటోలో కూర్చుని టికెట్ చూపించాను.
గీతని తిప్పి తిప్పి చూశాడు.
"ఇంతేనా?"
"ఇంతే."
చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.
తర్వాత ఆటో స్టార్ట్ చేశాడు.
వెనక నీలంగా పొగ లేచింది.
నేను సంచీ మూతి
గట్టిగా బిగించి పట్టుకున్నాను.